నత్త ఉన్న డిస్కు

నవంబరు 3, సోమవారం

పదకొండేళ్లయింది. మంట ఇంకా చల్లారలేదు. చల్లారదు కూడా.

మా బావ, అంటే మా ఆవిడకి సొంత అన్న, మా కుట్టు మిషన్ల మెకానిక్కుల సంఘం హాల్లో స్టేజీ ఎక్కి, మెడలో దండ వేయించుకుని, మైకు పట్టుకుని అన్నాడు: "నత్త మూతి క్రాసుగా కొయ్యాలన్న ఆలోచన నాదే." మూడు వందల మంది చప్పట్లు కొట్టారు. నేను నాలుగో వరసలో కూర్చున్నాను. నా పక్కవాడు అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆలోచన నాది. కోసింది నేను. రేకు కత్తెర నాది, ఆకురాయి నాది, వేలు తెగి కారిన రక్తం నాది. లేచి బయటికి వచ్చేశాను. ఆ రోజు నుంచి బావకీ నాకూ మాట లేదు.

నత్త అంటే ఇత్తడి రేకుని చుట్ట చుట్టి చేసిన బొటనవేలంత పనిముట్టు. కుట్టు మిషను సూది ముందు బిగిస్తారు. అంచు పట్టీ అందులో దూరి, తనంతట తనే మడత పడి, గుడ్డ అంచుకి తొడుక్కుంటుంది. మందపాటి సంచులకి మాత్రం మూల తిరిగే చోట పట్టీ కుప్పపడి నలిగిపోయేది. మూతి తిన్నగా కాకుండా క్రాసుగా, అంటే ఏటవాలుగా కోస్తే ఆ బాధ పోయింది. ఇవాళ సంచులు కుట్టే ఏ షెడ్డుకి వెళ్లినా మా నత్తే. చేసిందెవరంటే మాత్రం మా బావ పేరు చెప్తారు.

ఇవన్నీ ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే, పొద్దున సంఘం సెక్రటరీ వచ్చాడు. హాలుకి రంగులు వేస్తున్నారట. మొదటి నత్తని అద్దాల పెట్టెలో పెట్టి, కింద బోర్డు మీద చేసినవాడి పేరు రాయిస్తారట.

"మీరిద్దరూ ఎవరికి వాళ్లు నాదే అంటారు. రుజువు ఎవరు తెస్తే వాళ్ల పేరు. ఇరవయ్యో తారీఖు దాకా చూస్తా. తేకపోతే 'సంఘ సభ్యులు' అని రాయించి పడేస్తా" అన్నాడు.

సంఘ సభ్యులట! నా నత్త మూతి వీళ్లందరూ కలిసి కోశారా?

రుజువు నా దగ్గరుంది. నత్త మొదటిసారి నడిచిన రోజు మా అమ్మాయి కొత్త కెమెరాతో మొత్తం వీడియో తీసింది. పద్దెనిమిదేళ్ల కిందటి మాట. అది పాత కంప్యూటర్లో భద్రంగా ఉంది. "వారంలో తెచ్చి బల్ల మీద కొడతాను" అని సెక్రటరీకి చెప్పాను.

ఈ పుస్తకం మిషన్ల రిపేర్లు రాసుకోవడానికి కుట్టించుకున్నది. ఇప్పుడు మిషన్లు రావడం లేదు, కోపం ఒక్కటే వస్తోంది. నేను చదివింది మూడో క్లాసు. ఇంత రాసేసరికి చెయ్యి పీకుతోంది.

నవంబరు 4, మంగళవారం

మంచం కింద నుంచి కంప్యూటరు లాగాను. స్విచ్చి వేస్తే టిక్, టిక్, టిక్. తెర మీద తెల్ల అక్షరాలు రెండు వరసలు. అంతే. పైకి లేవలేదు.

నలభై ఆరేళ్లు మిషన్ల చప్పుడు విన్నవాణ్ణి. పెట్టె మూత తీసి, చప్పుడు వచ్చే డబ్బా మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. లోపల తిరిగేది బాగానే తిరుగుతోంది. దాని పక్కన సన్నటి చెయ్యిలాంటిది ఏదో ముందుకు వెళ్లి, గోడకి కొట్టుకుని, వెనక్కి వస్తోంది.

"ఏమంటోందండీ?" అంది మా ఆవిడ, గుమ్మంలో నిలబడి.

"చెయ్యి కొట్టుకుంటోంది."

"పాపం, తలుపు తియ్యమంటోందేమో."

ఈవిడకి అన్నీ వేళాకోళమే.

నవంబరు 5, బుధవారం

ఆ డబ్బాని హార్డ్‌డిస్కు అంటారట. నాలుగు మరలు తీసి బయటికి లాగాను. అరచేతిలో పట్టేంత. బాగా చేశారు, ఒప్పుకోవాలి. దాని మీద ఒకచోట గుండుసూది పట్టేంత కన్నం ఉంది. పక్కన చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. నాకు ఇంగ్లీషు రాదు. అవసరం కూడా లేదు. మిషను చేసినవాడు కన్నం ఎందుకు పెడతాడో నాకు తెలియదా?

రెండు చుక్కలు వేశాను. మంచి మిషను నూనె.

నవంబరు 6, గురువారం

చప్పుడు పెరిగింది. నూనెకీ దీనికీ సంబంధం లేదు. వాతావరణం చల్లబడింది.

అమ్మాయికి ఫోన్ చేశాను. విషయం వినగానే అరిచినంత పని చేసింది.

"నాన్నా! ఇంకోసారి ఆన్ చెయ్యకు. చేసినకొద్దీ చెడిపోతుంది. నువ్వు దాన్నేమైనా చేశావా?"

"తుడిచాను."

"దేంతో?"

"గుడ్డతో. ఇంకేంతో తుడుస్తారు?"

మంగలి షాపు పక్కన ఒకావిడ కంప్యూటర్లు బాగుచేస్తుందట. అక్కడికి తీసుకెళ్లమంది. నేను రిపేరు చేసేవాణ్ణి. రిపేరుకి తీసుకెళ్లేవాణ్ణి కాదు.

నవంబరు 7, శుక్రవారం

తీసుకెళ్లాను.

షాపు వెడల్పు ఒకటిన్నర గుమ్మం. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఏ మర ఎందులో ఉందో చీటీ అంటించి ఉంది. అది చూశాక మనసు కొంచెం కుదుటపడింది. రిపేరావిడకి యాభై ఏళ్లుంటాయి. ముక్కు మీద ఒక కళ్లజోడు, నెత్తి మీద ఇంకొకటి.

"ఇందులో ఏముంది బాబాయ్?"

"నత్త."

ముక్కు మీది కళ్లజోడు కిందికి లాగి చూసింది. "బతికున్నదా?"

"ఇత్తడిది. వీడియోలో."

అప్పుడు మొత్తం చెప్పాను. సంఘం, స్టేజీ, దండ, చప్పట్లు. ఆవిడ ఒక్క మాట అడ్డం రాకుండా వింది. ఈ రోజుల్లో అలా వినేవాళ్లు తక్కువ. విని, "డిస్కు సంగతి మర్చిపోండి, అది పోయేదే. లోపలున్నది పోకుండా చూద్దాం. కొత్త డిస్కు పెట్టి, దీంట్లోది దాంట్లోకి తోడాలి" అంది.

తోడటం అన్న మాట నాకు నచ్చింది.

"కింద పడేశారా?"

"నా చేతిలోంచి ఇంతవరకు ఏదీ జారలేదు."

"మరి ఈ కన్నం దగ్గర జిడ్డేంటి?"

"చెమట."

నమ్మింది.

నవంబరు 8, శనివారం

పొద్దున్నే వెళ్లి ఆవిడ షాపు తెరిచేవరకు మెట్టు మీద కూర్చున్నాను. తోడటం మొదలుపెట్టింది. తెర మీద చిన్న చిన్న గళ్లు. వచ్చేసినవి ఆకుపచ్చ, రాననేవి ఎరుపు.

"ముందు తేలిగ్గా వచ్చేవి తీసేసుకుంటాను బాబాయ్. మొండికేసినవాటి జోలికి పోను. చివర్లో తిరిగొచ్చి ఒక్కోదాన్నీ బతిమాలతాను."

"తుప్పు పట్టిన మిషను ఇప్పేటప్పుడు నేనూ అంతే. వదిలే మరలు ముందు, మొరాయించేవి ఆఖర్న."

"అంతేగా మరి" అంది.

చదువుకున్నవాళ్లలో బుర్ర ఉన్న మనిషిని చాలాకాలానికి చూశాను. అరగంటకోసారి డిస్కుకి విశ్రాంతి ఇస్తుంది, చిన్న ఫ్యాను పెట్టి చల్లబరుస్తుంది. సాయంత్రానికి నూటికి ఇరవై రెండు వంతులు వచ్చింది.

నవంబరు 9, ఆదివారం

షాపు సెలవు. గోడలు చూస్తూ కూర్చున్నాను.

నవంబరు 10, సోమవారం

ఇవాళ పరువు పోయింది.

మా ఆవిడ కూడా వస్తానంది. వద్దన్నాను. చెప్పులు వేసుకుంది. ఇద్దరం వెళ్లేసరికి రిపేరావిడ డిస్కుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది.

"బాబాయ్, మీ చెమటకి కుట్టు మిషను నూనె వాసన వస్తోందేంటి?"

"ఆ వాసన నీకెలా తెలుసు?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"మా అమ్మ కుట్టేది. ఆ వాసనలోనే పెరిగాను."

మా ఆవిడ నా వైపు తిరిగింది. నేను గోడ మీది సొరుగుల చీటీలు చదువుతున్నాను.

"ఎన్ని చుక్కలు?" అంది రిపేరావిడ.

"రెండు."

"ఈ అక్షరాలు ఏమంటున్నాయో తెలుసా? ఈ కన్నం ముయ్యొద్దు అంటున్నాయి. డిస్కు ఊపిరి పీల్చుకునేది దీంట్లోంచే. మీరు దాని ముక్కులో నూనె పోశారు!"

అని నవ్వడం మొదలుపెట్టింది. మా ఆవిడ అందుకుంది. ఇద్దరూ బల్ల పట్టుకుని నవ్వారు. నెత్తి మీది కళ్లజోడు కింద పడింది. పక్క షాపు నుంచి మంగలి సబ్బు నురగ చేత్తోనే వచ్చి "ఏమైంది, ఏమైంది" అన్నాడు. వాడికీ చెప్పారు. వాడికి చెబితే వీధి మొత్తానికి చెప్పినట్టే.

నవ్వు అయ్యాక రిపేరావిడ చెప్పింది. కన్నం వెనక చిన్న వడపోత గుడ్డ ఉంటుందట. నూనెని అది పీల్చుకుంటే గండం గడిచినట్టే. లోపలికి దిగితే నత్త లేదు, ఏమీ లేదు. ఇప్పటిదాకా నలభై ఒకటి వచ్చింది కాబట్టి గుడ్డే ఆపి ఉంటుంది అంది.

ఉంటుంది అంది. ఆపింది అనలేదు.

 ఇంటి గుమ్మం ఎక్కుతూ మా ఆవిడ అంది: "నాకు జలుబు చేసినప్పుడు మీకు చెప్పకూడదు బాబూ."

నవంబరు 11, మంగళవారం

యాభై ఎనిమిది దగ్గర ఆగింది. పొద్దున వెళితే యాభై ఎనిమిది. అన్నం తిని వెళితే యాభై ఎనిమిది. షాపు మూసేటప్పుడు యాభై ఎనిమిది.

అమ్మాయి కాలేజీ పాఠాలు వచ్చాయట. ఎవరివో పెళ్లి ఫోటోలు వచ్చాయట. నా కళ్లజోడు పోయిందని అమ్మాయి వెటకారంగా రాసిన ఉత్తరం కూడా వచ్చిందట. నత్త ఉన్న వీడియో పేరు కనిపిస్తోంది, తెరుచుకోవడం లేదు. పనికిరానివన్నీ పరిగెత్తుకుంటూ వస్తాయి.

"ఎక్కువసార్లు అడిగితే ఉన్న ప్రాణం కూడా పోతుంది బాబాయ్. రేపొక్క రోజు చూసి ఆపేద్దాం" అంది రిపేరావిడ. నవ్వకుండా అంది.

మంగలి షాపు ముందు బావ కనిపించాడు. నేను చూడలేదు. చూడకుండా కనబడినంతలో చేతికర్ర కొత్తది, చొక్కా వదులైంది, ఎడమ కాలు కొంచెం లాగుతున్నాడు.

నవంబరు 12, బుధవారం

పొద్దున టీ ఇస్తూ మా ఆవిడ నిద్ర పట్టలేదంటూ ఏదో చెప్పింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదట, పక్కకి తిరిగి పడుకుంటే హాయిగా ఉంటుందట. మీ డిస్కుని కూడా పక్కకి తిప్పి పడుకోబెట్టి చూడమనండి అంది. ఆడవాళ్ల మాటలు ఇలాగే ఉంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. టీ తాగి బయలుదేరాను.

నడుస్తుంటే చటుక్కున ఒక ఆలోచన తట్టింది. లోపలి చెయ్యి అరిగి కిందికి వాలిపోయింది, అందుకే చోటు అందక కొట్టుకుంటోంది. డిస్కుని పక్కకి నిలబెడితే దాని బరువు ఇంకోవైపు పడుతుంది, అప్పుడు అందుతుంది! నలభై ఆరేళ్ల అనుభవం ఊరికే పోతుందా? వయసు మర్చిపోయి వీధంతా వేగంగా నడిచాను.

రిపేరావిడకి వివరంగా చెప్పాను. "పాత డిస్కులకి ఒక్కోసారి పనిచేస్తుంది, చూద్దాం" అంది. నేను స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాను. ఆవిడ డిస్కుని మెల్లగా తిప్పింది.

"ఇంకొంచెం. ఇంకొంచెం. ఆ, ఆపు. కదపకు."

టిక్ టిక్ ఆగింది. ఇద్దరం తెర చూశాం. ఒక ఎర్ర గడి పచ్చగా మారింది. దాని పక్కది మారింది. యాభై తొమ్మిది!

ఆవిడ నాకు చెయ్యిచ్చి ఊపింది. మంగలి ఈసారి కత్తెరతో వచ్చాడు. వాడికీ వివరంగా చెప్పాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి నా ఆలోచన సంగతి చెప్పాను. "ఓహో" అంది. అంతే. మెచ్చుకోవడం రాదు ఈ మనిషికి.

నవంబరు 13, గురువారం

డెబ్బై ఒకటి. మా అద్దంలో చూసుకుంటే మొహం కొంచెం పడుచుగా ఉంది.

నవంబరు 14, శుక్రవారం

తొంభై మూడు. మిగతావి రావు, వదిలెయ్యండి అంది రిపేరావిడ. నత్త?

నత్త వచ్చింది.

"వేసి చూద్దామా బాబాయ్?" అని వేలు మీట మీద పెట్టింది. వద్దన్నాను. ఒక్కణ్ణీ చూడను. బావ పక్కన కూర్చుని ఉండాలి. ఆ మొహం ఎలా మాడుతుందో నేను కళ్లారా చూడాలి. పదకొండేళ్లు ఆగినవాణ్ణి, రెండు రోజులు ఆగలేనా?

మంగలితో కబురు పెట్టాను: "రుజువు దొరికింది. ధైర్యం ఉంటే ఆదివారం నాలుగింటికి మా ఇంటికి రమ్మను."

గంటలో జవాబు తెచ్చాడు: "వస్తాను. వీపు ఆనుకునే కుర్చీ వేసి ఉంచమను. నడుం నొప్పి."

తప్పు చేసిన మనిషి వస్తూ కుర్చీ అడుగుతున్నాడు, చూడండి.

నవంబరు 15, శనివారం

కుర్చీ ఒక కోడు ఊగుతోంది. చెక్కముక్క పెట్టి సరిచేశాను. బావ కోసం కాదు. ఎప్పటినుంచో చెయ్యాలనుకుంటున్నాను.

నవంబరు 16, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాలుగింటికి రిపేరావిడ కొత్త డిస్కు, తెర పట్టుకుని తనే వచ్చింది. నత్తని చూడందే నాకూ నిద్ర పట్టదు బాబాయ్ అంది. తర్వాత చేతికర్ర చప్పుడు. బావ. నేను కిటికీ వైపు చూశాను.

"ఎన్నాళ్లకొచ్చావు అన్నయ్యా!" అంటూ మా ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. బావ కుర్చీని అటూ ఇటూ ఊపి చూసుకున్నాడు. ఊగలేదు.

వీడియో వేశారు.

మా పాత షెడ్డు. నాకు మీసం ఉంది. బావ జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది, అప్పట్లో రంగు వేసేవాడు. "నాన్నా, ఇటు చూడు" అని అమ్మాయి గొంతు వినిపిస్తుంది, నేను చూడను. మిషను మీద ఇద్దరం వంగి ఉన్నాం. పట్టీ మూల దగ్గరికి వస్తుంది, కుప్పపడుతుంది. బావ నన్ను తిడతాడు. నేను రేకుని తిడతాను. మళ్లీ పెడతాం, మళ్లీ కుప్పపడుతుంది.

మూలన స్టూలు మీద మా ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో నీలం రంగు గుడ్డ, ఏదో చేతికుట్టు వేస్తోంది. తల ఎత్తకుండా అంది. చాలా స్పష్టంగా వినబడింది.

"మెడ పట్టీకి గుడ్డ క్రాసుగా కోస్తాం కదా, తిన్నగా కోస్తే మలుపు తిరగదని. దాని మూతి కూడా క్రాసుగా కోసి చూడకూడదూ?"

వీడియోలో ఎవరూ వెనక్కి తిరగలేదు.

"ఉండవే, ఇక్కడ పనిలో ఉన్నాం" అన్నాడు వీడియోలో బావ.

"ఆ ఆకురాయి ఇటు పడెయ్" అన్నాను వీడియోలో నేను. ఆవిడతోనే. లేచి తెచ్చి ఇచ్చింది.

కాసేపు ఇద్దరం బుర్రలు గోక్కున్నాం. ఆ తర్వాత నేను ఎగిరి గంతేసినట్టు అరిచాను: "బావా! మూతి క్రాసుగా కోస్తే?" బావ కూడా అప్పుడే అరిచాడు: "నేనూ అదే అనబోతున్నా!" రేకు కత్తెర, ఆకురాయి, తెగిన వేలు, అన్నీ ఉన్నాయి. పట్టీ మూల తిరిగింది. నీళ్లలా తిరిగింది. బావా నేనూ కావలించుకున్నాం. మూలన మా ఆవిడ తలెత్తి ఒక్కసారి చూసింది. మళ్లీ తల దించుకుని కుట్టు వేసుకుంది.

వీడియో అయిపోయింది.

బావ మొహం చూడాలని కదా పిలిచింది? చూడలేకపోయాను. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇంకోసారి వెయ్యనా?" అంది రిపేరావిడ.

"వద్దు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

వేసింది. రెండోసారి చూశాక లెక్క కూడా చెప్పింది. "నలభై సెకన్లు బాబాయ్. ఆవిడ అన్న తర్వాత మీ బుర్రల్లోకి దిగడానికి నలభై సెకన్లు పట్టింది."

ముందు బావ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. నేను ఆపుకుందామని చూశాను, కుదరలేదు. నవ్వీ నవ్వీ బావ దగ్గాడు. నేను మంచినీళ్లు అందించాను.

"బావా" అన్నాడు. పదకొండేళ్ల తర్వాత.

"ఏంటి."

"ఆ రోజు స్టేజీ ఎక్కి నువ్వు చెప్పినా ఇదే అబద్ధం చెప్పేవాడివి."

"నేను అబద్ధం చెప్పను. నిజంగానే నాదే అనుకున్నాను."

"నేనూ నిజంగానే అనుకున్నాను. అదే కదా గొడవ."

"నీకు గుర్తుందా?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"ఎప్పటి మాటో. నాకేం గుర్తుంటుంది?" అంది లోపలికి వెళుతూ. "అయినా ఆ నీలం గుడ్డ నాకు చాలా ఇష్టం. అమ్మాయి గౌను అది. చేతులు పొట్టివైపోయాయని మూడు నెలలకే విడిచేసింది."

గుర్తులేదట.

నవంబరు 17, సోమవారం

డిస్కుని పక్కకి తిప్పమన్నది

నవంబరు 18, మంగళవారం

నిన్న ఒక వాక్యం మొదలుపెట్టి ఆపేశాను. ఇవాళ ముగిస్తాను. డిస్కుని పక్కకి తిప్పమన్నది మా ఆవిడ.

బుధవారం నేను రాసింది మళ్లీ చదివాను. ఆ పేజీలోనే ఉంది. నా చేత్తో రాశాను. ఆవిడ చెప్పింది రాశాను, టీ తాగింది రాశాను, వీధిలో నాకు ఆలోచన తట్టింది రాశాను. వీడియో కూడా అక్కర్లేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

షాపుకి వెళ్లి చెప్పాను. "అమ్మా, ఆ పక్కకి తిప్పే ఆలోచన నాది కాదు."

"తెలుసు బాబాయ్."

"ఎలా?"

"ఆదివారం టీ కప్పులు కడుగుతుంటే ఆవిడే అడిగింది. పక్కకి పడుకోబెడితే నెమ్మదించిందా అమ్మా, అని."

"మరి నాకు చెప్పలేదే?"

"మీరెలాగూ వస్తారని చూస్తున్నాను. రెండు రోజులు పట్టింది. నలభై సెకన్ల కంటే ఎక్కువే."

ఈవిడ నోటికి మంగలి కత్తెర కూడా చాలదు.

నవంబరు 19, బుధవారం

రిపేరావిడ బావ ఫోన్లోకి ఎక్కించిన వీడియో పట్టుకుని, బావా నేనూ కలిసి సంఘానికి వెళ్లాం. ఇద్దర్నీ ఒకే గుమ్మంలో చూసి సెక్రటరీ కుర్చీలోంచి లేచి బల్ల అవతలికి వెళ్లాడు.

"ఇక్కడ కొట్టుకోవద్దు. కొత్త రంగులు."

"నోరు మూసుకుని ఇది చూడు" అన్నాడు బావ. చూశాడు. చూసి నా మొహం, బావ మొహం మార్చి మార్చి చూశాడు. నవ్వుదామా వద్దా అని భయపడ్డాడు. తర్వాత కాగితం తీసి "చెల్లెమ్మ పేరే రాద్దాం. పూర్తి పేరు చెప్పండి" అన్నాడు.

చెప్పాను. ఆ పేరు బయట ఎవరికైనా చెప్పి ఎన్నేళ్లయిందో. అందరికీ ఆవిడ మెకానిక్కు భార్య, బావ చెల్లెలు. సెక్రటరీ కాగితం మీద రాస్తుంటే బాగుంది.

"ఆవిణ్ణి ఒక మాట అడిగి చెప్పండి. ఆవిడ ఊఁ అనకుండా బోర్డు మీద రాయించను. పెయింటరు శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి నిచ్చెన ఎక్కుతాడు" అన్నాడు సెక్రటరీ. అప్పటిదాకా గడువు పెంచాడు.

తిరిగి వస్తుంటే బావ, కింద మన పేర్లు కూడా చిన్న అక్షరాల్లో వేయిద్దామన్నాడు. సిగ్గుండాలన్నాను. కోసింది మనమే కదా అన్నాడు. కోసింది నేను, నువ్వు తిట్టావంతే అన్నాను. రెండు వీధులు పొడుగునా పోట్లాడుకున్నాం. పదకొండేళ్లుగా నేను ఇంత హాయిగా పోట్లాడలేదు.

ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"నా పేరా? అద్దాల పెట్టె కిందా?" అంది మా ఆవిడ. "ఆలోచించి చెప్తాను."

"ఇందులో ఆలోచించడానికేముంది?"

"మీరిద్దరూ పదకొండేళ్లు ఆలోచించారు. నాకు రెండు రోజులు ఇవ్వరా?"

నవంబరు 20, గురువారం

పొద్దున అడిగాను. "చూద్దాం" అంది. భోజనం దగ్గర అడిగాను. "పచ్చడి వేసుకోండి" అంది. సాయంత్రం బావ వచ్చి అడిగాడు. "నీ నడుం ఎలా ఉంది అన్నయ్యా" అంది. బావ వెళ్లాక నాకు కోపం వచ్చింది.

"పదకొండేళ్లు మేమిద్దరం మొహాలు చూసుకోలేదు. నీ సొంత అన్న. ఆలోచన నాదిరా సన్నాసుల్లారా అని ఒక్క మాట అంటే అయిపోయేది కదా! ఎందుకనలేదు?"

"అడిగారా?"

"అడగాలా?"

"పద్దెనిమిదేళ్ల కిందట అడక్కుండానే చెప్పాను. ఏమైంది? ఆకురాయి తెచ్చిమ్మన్నారు." కూర గిన్నె మూత పెట్టింది. "మొన్నా అడక్కుండానే చెప్పాను. ఆడవాళ్ల మాటలకి పొంతన ఉండదని రాసుకున్నారు."

ఆ మాట నేను బయటికి అనలేదు. ఈ పుస్తకంలో రాశాను.

"ఇది చదువుతున్నావా నువ్వు?"

"బల్ల తుడిచేటప్పుడు తెరిచి ఉంటుంది. కళ్లు మూసుకుని తుడవమంటారా?"

పుస్తకం తీసుకుని బల్ల ముందు కూర్చున్నాను. 

సరే. ఇక దాపరికం లేదు. ఇంతవరకు నాకోసం రాసుకున్నాను, ఈ నాలుగు ముక్కలు నీకే రాస్తున్నాను. రేపు బల్ల తుడిచేటప్పుడు చదువు. పుస్తకం తెరిచే పెడతాను.

నాకు రెండు జవాబులు కావాలి. బోర్డు మీద నీ పేరు రాయించమంటావా, వద్దంటావా? వద్దంటే నేను కొట్లాడను. కానీ సంఘ సభ్యులు అని మాత్రం రాయనివ్వను, పెట్టె కింద ఖాళీ బోర్డు పెట్టిస్తాను. వచ్చినవాళ్లందరూ ఎందుకు ఖాళీ అని అడగాలి, నేనూ బావా అక్కడ నిలబడి చెప్పాలి.

రెండోది. ఇన్నేళ్లు మేం ఇద్దరం కొట్టుకుంటుంటే నీకు నవ్వొచ్చిందా, ఏడుపొచ్చిందా? అడిగారా అంటే ఇక చెల్లదు. ఇదిగో, అడుగుతున్నాను. నాకు రాయడం వచ్చింది ఇంతే, నీకు నాకంటే బాగా వచ్చు. కింద సగం పేజీ వదిలాను, చాలకపోతే వెనక పేజీ కూడా నీదే.

పెయింటరు శనివారం పన్నెండింటికి నిచ్చెన ఎక్కుతాడు. శనివారం, ఇరవై రెండో తారీఖు, పన్నెండు కొట్టేలోగా జవాబు ఇక్కడ ఉండాలి.